మెగ్గర్ రీడింగ్ పడింది, ఆయిల్ బీడీవీ 28 కేవీ. ఫిల్టర్ పట్టిస్తే సరిపోతుందా?

జీడిమెట్ల_మెయింటెనెన్స్
అందరికీ నమస్కారం. మా యూనిట్‌లో 500 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఏప్రిల్‌లో ఒక ఉదయం మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు) కొడితే హెచ్‌వీ (11 కేవీ వైపు వైండింగ్) నుంచి ఎర్త్‌కు 1200 మెగోమ్‌లు చూపించింది. మొన్న నాలుగు వానలు పడ్డాక మధ్యాహ్నం షట్‌డౌన్ దొరికింది, మళ్ళీ కొట్టాం. 240 వచ్చింది. అదే మెగ్గర్, అదే 5 కేవీ, అదే ఒక నిమిషం. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపితే బీడీవీ (ఆయిల్ ఎంత వోల్టేజీ దగ్గర తెగి స్పార్క్ వస్తుందో ఆ అంకె) 28 కేవీ అని రిపోర్ట్ వచ్చింది.

మేనేజర్ గారు ఇన్సులేషన్ పోయిందని టెన్షన్ పడుతున్నారు. ఆయిల్‌ను శుద్ధి చేసే ఫిల్టర్ మెషిన్ అతను రేపే వస్తానంటున్నాడు. కానీ పోయిన ఏడాది కూడా ఫిల్టర్ పట్టించాం, అప్పుడు బీడీవీ 60 దాటింది. ఏడాది తిరగకుండా సగానికి ఎలా పడింది? మళ్ళీ పట్టిస్తే మళ్ళీ ఇదే కథ అవుతుందేమోనని నా భయం. పెద్దలు చెప్పండి.

రిటైర్డ్_ఏఈ
బాబూ, రెండుసార్లూ ఆయిల్ టెంపరేచర్ ఎంత ఉందో రాశారా? రాయకపోతే ఆ 1200నీ 240నీ పక్కపక్కన పెట్టడానికే లేదు.

జీడిమెట్ల_మెయింటెనెన్స్
రాశాను సార్. ఏప్రిల్‌లో వారాంతం సెలవు తర్వాత, లోడ్ ఎక్కక ముందు కొట్టాం, 35 డిగ్రీలు. మొన్న లోడ్ మీద నుంచి తీసిన వెంటనే కొట్టాం, 60 డిగ్రీలు.

రిటైర్డ్_ఏఈ
రాసి ఉంచారు, చాలా మంచి పని. ఇప్పుడు లెక్క చూడండి. టెంపరేచర్ ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ సుమారుగా సగం అవుతుంది. మీకు తేడా 25 డిగ్రీలు. అంటే రెండున్నర సార్లు సగమైనట్టు, దాదాపు 5.7 రెట్లు. 240ని 5.7తో గుణిస్తే 1350 పైన వస్తుంది. అంటే 35 డిగ్రీల దగ్గర మీ ట్రాన్స్‌ఫార్మర్ ఏప్రిల్‌లో ఎంత ఉందో ఇప్పుడూ ఇంచుమించు అంతే ఉంది. ఇది ఉజ్జాయింపు సూత్రం, కాబట్టి బాగుపడింది అని చెప్పను. పడిపోలేదు అని మాత్రం గట్టిగా చెప్తాను.

కాబట్టి మెగ్గర్ సంగతి పక్కన పెట్టండి. చూడాల్సింది ఆ 28.

వైండింగ్_షాపు_రాణిగంజ్
సార్ చెప్పిన లెక్క మోటార్లకీ అంతే. ఒక మాట కలుపుతాను. పీఐ (పోలరైజేషన్ ఇండెక్స్) తీయండి అన్నా. పది నిమిషాల రీడింగ్‌ని ఒక నిమిషం రీడింగ్‌తో భాగిస్తే వచ్చేది. టెంపరేచర్ రెండింటికీ ఒకటే కాబట్టి ఆ గొడవ ఉండదు. మా దగ్గర బి, ఎఫ్, హెచ్ క్లాస్ (వేడిని తట్టుకునే శ్రేణి) వైండింగ్ అయితే 2 కన్నా తక్కువ వస్తే ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టి మళ్ళీ చూస్తాం.

రిటైర్డ్_ఏఈ
మోటారుకు అది బంగారం లాంటి పరీక్షే. ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం అదే కొలబద్ద పెట్టవద్దు. పీఐ అన్నది ఘన ఇన్సులేషన్‌లో మెల్లగా జరిగే పోలరైజేషన్ మీద ఆధారపడింది. వోల్టేజీ పెట్టగానే అణువులు, పొరల మధ్య చిక్కుకున్న చార్జీలు నెమ్మదిగా సర్దుకుంటాయి, ఆ కరెంటు నిమిషాల తరబడి తగ్గుతూ పోతుంది, అందుకే రీడింగ్ పెరుగుతుంది. ఆయిల్ ద్రవం, అందులో అయాన్లు కదులుతాయి, టెంపరేచర్ తేడాకి ఆయిల్ కూడా కదులుతుంది. మంచి ట్రాన్స్‌ఫార్మర్‌కే 1.2 రావచ్చు. దాన్ని చూసి మంచిదాన్ని విప్పిన వాళ్ళున్నారు.

ఆయిల్_ల్యాబ్
నేను ఆయిల్ పరీక్షల్లోనే పనిచేస్తాను, ఇక్కడి నుంచి నేను చెప్తాను.

బీడీవీ అంటే 2.5 మిల్లీమీటర్ల దూరంలో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి, మధ్యలో మీ ఆయిల్ పోసి, వోల్టేజీ పెంచుకుంటూ పోయి, ఎక్కడ స్పార్క్ వస్తుందో చూడటం. ఆరు రీడింగ్‌ల సగటు. 72.5 కేవీ లోపు ట్రాన్స్‌ఫార్మర్లలో, సర్వీసులో ఉన్న ఆయిల్‌కు 30 కన్నా తగ్గితే బాగా లేనట్టే. 40 దాటితే నిశ్చింత. కాబట్టి 28 అనేది పట్టించుకోవాల్సిన అంకె.

అయితే ఈ పరీక్ష మొత్తం ఆయిల్ ఎలా ఉందో చెప్పదు, అందులోని అతి బలహీనమైన చోటు ఎలా ఉందో చెప్తుంది. శుభ్రమైన ఆయిల్‌లో కొంచెం తేమ కరిగి ఉంటే బీడీవీ అంతగా పడదు. అదే తేమకు లోపల వైండింగ్ మీద ఇన్సులేషన్‌గా చుట్టిన కాగితం నూగు, దుమ్ము తోడైతే దారుణంగా పడుతుంది. కారణం ఏమిటంటే, ఆయిల్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ ఫీల్డ్‌కు పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) 2.2, నీటిది 80. స్థిరాంకం ఎక్కువున్న రేణువు ఎప్పుడూ ఫీల్డ్ ఎక్కువున్న చోటికి లాగబడుతుంది. తడిసిన నూగుపోగులు అలా ఎలక్ట్రోడ్ల మధ్యకు చేరి ఒకదాని కొస ఇంకొకటి పట్టుకుని వంతెన కడతాయి. ఆ వంతెన మీదుగా స్పార్క్ పోతుంది. మెగ్గర్ మొత్తం ఆయిల్, మొత్తం కాగితం గుండా కారే కరెంటును కొలుస్తుంది కాబట్టి ఈ పోగుల సంగతి దానికి కనపడదు. అందుకే మీకు ఒకటి బాగుండి ఇంకొకటి పడింది. రెండూ నిజమే చెప్తున్నాయి.

ఫిల్టర్ అతన్ని రేపు రానివ్వకండి. ముందు మళ్ళీ శాంపిల్ తీసి, ఈసారి బీడీవీతో పాటు నీటి పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు నీళ్ళో) కూడా చేయించండి. తీసేటప్పుడు ఆయిల్ టెంపరేచర్ సీసా మీద రాయండి. ఇంకో విషయం, బ్రీదర్ (ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్ళే గాలిలో తేమను పీల్చే డబ్బా) ఎలా ఉంది?

జీడిమెట్ల_మెయింటెనెన్స్
బ్రీదర్ సిలికా జెల్ సగం తేమ పట్టి గులాబీ రంగు అయింది. కింద సగం నీలంగానే ఉంది కాబట్టి ఇంకొన్నాళ్ళు నడుస్తుందని మార్చలేదు.

రిటైర్డ్_ఏఈ
ఆగండి. కింద నీలం, పైన గులాబీనా? సరిగ్గా చూసి చెప్పండి.

జీడిమెట్ల_మెయింటెనెన్స్
అవును సార్. ఇప్పుడే వెళ్ళి ఫోటో కూడా తీశాను. పైన గులాబీ, కింద నీలం.

రిటైర్డ్_ఏఈ
దొరికింది. గాలి బ్రీదర్‌లోకి కింద ఆయిల్ కప్పు గుండా రావాలి, జెల్ దాటి పైకి పోవాలి. కాబట్టి జెల్ ఎప్పుడూ కింద నుంచి రంగు మారుతుంది. పైన ముందు మారిందంటే తడి గాలి కప్పు గుండా రావడం లేదు. బ్రీదర్ పైన ఫ్లాంజ్ గ్యాస్కెట్ దగ్గరో, కన్జర్వేటర్‌కు (పైన ఉండే చిన్న ఆయిల్ ట్యాంక్‌కు) పోయే పైపు జాయింట్ దగ్గరో పీలుస్తోంది. పగలు లోడ్ మీద ఆయిల్ వ్యాకోచించి గాలిని బయటికి తోస్తుంది, రాత్రి చల్లబడి లోపలికి లాక్కుంటుంది. జులైలో మన దగ్గర రాత్రి గాలి ఎంత చెమ్మగా ఉంటుందో తెలిసిందేగా. రోజూ ఒక శ్వాస చొప్పున ఏడాదిగా నీళ్ళు తాగుతోంది మీ ట్రాన్స్‌ఫార్మర్.

ఈఈఈ_మూడో_సంవత్సరం
సార్, నేను ఉస్మానియాలో చదువుతున్నాను. చిన్న సందేహం. ఫిల్టర్ పట్టించి ఆయిల్‌లోని నీళ్ళు మొత్తం తీసేసి, గ్యాస్కెట్ కూడా మార్చేస్తే సమస్య తీరినట్టే కదా?

ఆయిల్_ల్యాబ్
అక్కడే అందరూ ఆగిపోతారమ్మా. నీళ్ళు ఆయిల్‌లో లేవు, కాగితంలో ఉన్నాయి. లెక్క కోసం 500 కిలోల ఆయిల్, 100 కిలోల కాగితం, ప్రెస్‌బోర్డు అనుకో. ఆయిల్‌లో 20 పీపీఎం ఉంటే మొత్తం నీళ్ళు 10 గ్రాములు. కాగితంలో 2 శాతం తేమ ఉంటే 2 కిలోలు. వానాకాలం డబ్బాలో ఉప్పు చెమర్చినట్టు కాగితం చెమ్మను పీల్చి తనలోనే దాచుకుంటుంది. నువ్వు ఒక్క రోజు ఫిల్టర్ పట్టించి ఆ 10 గ్రాములు తీసేస్తావు. బీడీవీ 60 దాటుతుంది, రిపోర్ట్ చూసి అందరూ సంతోషిస్తారు. తర్వాత వారాల తరబడి కాగితం తన తేమను మళ్ళీ ఆయిల్‌లోకి వదులుతుంది.

పోయిన ఏడాది ఈయన యూనిట్‌లో జరిగింది ఇదే అయి ఉంటుంది. పైగా లీకు అలాగే ఉంది.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకో. ఆయిల్ ఎంత నీటిని కరిగించుకోగలదన్నది టెంపరేచర్‌తో చాలా మారుతుంది. 20 డిగ్రీల దగ్గర మినరల్ ఆయిల్ 55 పీపీఎం చుట్టుపక్కలే పట్టగలదు, 60 డిగ్రీల దగ్గర 200 పైన. వేడిగా ఉన్నప్పుడు 40 పీపీఎం అంటే కంగారు లేదు. అదే ట్రాన్స్‌ఫార్మర్‌ను జనవరిలో రెండు రోజులు షట్‌డౌన్‌లో పెడితే ఆయిల్ చల్లబడుతుంది, కాగితం అంత త్వరగా తేమను వెనక్కి తీసుకోలేదు, నీళ్ళు ఆయిల్‌లో సంతృప్తస్థాయి దగ్గరికి వచ్చేస్తాయి. అప్పుడు స్విచ్ వేస్తే ప్రమాదం.

ఈఈఈ_మూడో_సంవత్సరం
అర్థమైంది మేడమ్. మా పుస్తకంలో డైఎలక్ట్రిక్ స్థిరాంకం, డైఎలక్ట్రిక్ స్ట్రెంగ్త్ (ఎంత ఫీల్డ్ దగ్గర తెగుతుందో) రెండూ పక్కపక్క పేజీల్లో ఉన్నాయి కానీ ఒకదానికొకటి సంబంధం ఏమిటో రాయలేదు. స్థిరాంకం ఎక్కువ ఉంటే మంచి ఇన్సులేషన్ కదా అనుకుంటున్నాను. అప్పుడు నీరు అన్నిటికన్నా మంచిది అయిపోతుందిగా.

కేబుల్_జాయింటర్
తల్లీ, ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్తాను, ఎందుకంటే నా పని మొత్తం దాని మీదే ఉంది. 11 కేవీ కేబుల్ జాయింట్లు, టర్మినేషన్లు చేస్తాను. సైట్ మీద ఇంజినీర్ల దగ్గర నేర్చుకున్న లెక్క ఇది.

రెండు రకాల ఇన్సులేషన్ ఒకదాని వెనుక ఒకటి ఉంటే, స్థిరాంకం తక్కువ ఉన్న దాని మీద ఫీల్డ్ ఎక్కువ పడుతుంది. ఎక్స్‌ఎల్‌పీఈ (కేబుల్‌లో వాడే ప్లాస్టిక్ ఇన్సులేషన్) స్థిరాంకం 2.3, గాలిది 1. కాబట్టి ఎక్స్‌ఎల్‌పీఈలో పలచటి గాలి పొర చిక్కుకుంటే దాని మీద చుట్టూ ఉన్న దానికన్నా 2.3 రెట్లు ఫీల్డ్ పడుతుంది. పోనీ గాలి బలమైందా అంటే, అదే అన్నిటికన్నా బలహీనం. మామూలు గాలి మిల్లీమీటరుకు 3 కేవీ దగ్గర తెగిపోతుంది, అంటే స్పార్క్ వస్తుంది. బలహీనుడి నెత్తినే బరువు పడుతోంది చూడు. అందుకే స్థిరాంకం ఎక్కువైతే మంచిది అనడానికి లేదు, పక్కన ఏముందో చూడాలి.

మా 6.35/11 కేవీ (ఎర్త్‌కు 6.35, ఫేజ్‌ల మధ్య 11) కేబుల్‌లో ఇన్సులేషన్ మందం 3.6 మిల్లీమీటర్లు. అందుకే సెమీకండక్టర్ పొర తీసేటప్పుడు కత్తి గాటు పడిందంటే నేను ఆ కొస కోసేసి మళ్ళీ మొదలుపెడతాను. కంపెనీ వాళ్ళు ఇంకో మీటరు కేబుల్ పోయిందని కోప్పడినా సరే.

పీడీ_టెస్టింగ్
జాయింటర్ అన్న చెప్పింది సరైనదే, ఒక చిన్న సవరణతో. 3 కేవీ అనేది సెంటీమీటరు స్థాయి గాలి ఖాళీలకు వర్తించే అంకె. ఖాళీ చిన్నదయ్యే కొద్దీ గాలి మిల్లీమీటరు లెక్కన గట్టిపడుతుంది. ఎలక్ట్రాన్లు ఢీకొని పెరిగేందుకు చోటు చాలదు. 0.1 మిల్లీమీటరు ఖాళీ తెగాలంటే సుమారు 1 కేవీ కావాలి. అంటే మిల్లీమీటరుకు 10 కేవీ. 6.35 కేవీకి పీక్ దాదాపు 9 కేవీ. 3.6 మిల్లీమీటర్ల మందంలో 0.1 మిల్లీమీటరు పొర మీద పడేది 0.55 కేవీ మాత్రమే, అది తెగదు. అర మిల్లీమీటరు పొర అయితే దాని మీద 2.4 కేవీ పడుతుంది, అది తెగే వోల్టేజీకి అంచుల్లో ఉంటుంది. కండక్టర్ దగ్గరైతే సగటు కన్నా ఫీల్డ్ ఎక్కువ కాబట్టి అంచు దాటేస్తుంది.

అలా తెగినప్పుడు కేబుల్ వెంటనే పోదు. ఆ ఖాళీలో ప్రతి సైకిల్‌లోనూ చిన్న చిన్న డిశ్చార్జ్‌లు జరుగుతాయి. వాటినే పార్షియల్ డిశ్చార్జ్ అంటాం. ఒక్కొక్కటి పికోకూలంబుల్లో ఉంటుంది, మెగ్గర్‌కు ఆనదు. గోడలను నెమ్మదిగా కొరుకుతూ చెట్టు కొమ్మల్లా చీలికలు సాగుతాయి. నెలలో, ఏళ్ళో పడుతుంది.

కేబుల్_జాయింటర్
మంచి మాట చెప్పారు సార్. గాటు కనపడితే కోయడం మాత్రం మానను.

పీడీ_టెస్టింగ్
మానకండి. ఆ సెమీకండక్టర్ పొర (స్క్రీన్) కోసిన చోట ఫీల్డ్ ఎలాగూ గుమిగూడుతుంది, నా లెక్క సమాంతర పలకలది, అక్కడ అది చెల్లదు. అక్కడ సన్నని గాటు కూడా ప్రమాదమే.

వైండింగ్_షాపు_రాణిగంజ్
నీళ్ళ మాట వచ్చింది కాబట్టి. మన నగరంలో ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఉండే బోరు మోటారు సంగతి ఆలోచించండి. చాలావాటి లోపల నీళ్ళే నింపుతాం, వైండింగ్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది. దాని రాగి తీగ మీద ఎనామిల్ కాదు, ప్లాస్టిక్ పొరలు చుట్టిన పాలీ వైరు వాడతాం. నీళ్ళు శత్రువే, కానీ పొర తెగనంత వరకు లోపలికి పోలేవు, పైగా వేడిని లాక్కుపోతాయి. ఆ మోటారు కాలిపోయేది నీళ్ళు ఉన్నందుకు కాదు, బోరులో నీళ్ళు ఎండినందుకు. డ్రై రన్ అయితే పొర మెత్తబడి తీగ తీగకు అతుక్కుంటుంది. మే నెలలో మా షాపుకు వచ్చేవి ఎక్కువగా అవే.

వేడి గురించి మేం పాటించే లెక్క, క్లాస్ కన్నా ప్రతి 10 డిగ్రీలు ఎక్కువ నడిపితే ఆయుష్షు సగం. ఎఫ్ క్లాస్ 155, హెచ్ క్లాస్ 180. ఎఫ్ మెటీరియల్ వేసి బి క్లాస్ టెంపరేచర్‌లో, అంటే 130 లోపు నడిపిస్తే మోటారు మనల్ని దీవిస్తుంది. రీవైండింగ్‌కి ఇచ్చేవాళ్ళు రేటు ఒక్కటే అడుగుతారు, ఏ క్లాస్ వార్నిష్, ఏ స్లాట్ పేపర్ వేస్తున్నావని అడగరు. అడగండి.

రిటైర్డ్_ఏఈ
ట్రాన్స్‌ఫార్మర్ కాగితానికి ఇంకా కఠినం. మామూలు క్రాఫ్ట్ కాగితానికి 6 డిగ్రీలకే పాడయ్యే వేగం రెట్టింపు. కొత్త కాగితంలో సెల్యులోజ్ గొలుసుకు వెయ్యి వరకు కడియాలు ఉంటాయి, 200కు వచ్చేసరికి ముట్టుకుంటే చిట్లుతుంది. ఆయిల్ మార్చవచ్చు, లోపలి కాగితాన్ని మార్చలేం. తేమ ఎక్కువైతే ఈ గొలుసు ఇంకా త్వరగా తెగుతుంది. బీడీవీ కన్నా నన్ను భయపెట్టేది అదే.

సైట్_ఇంజినీర్_ఉప్పల్
కేబుల్ మాట వచ్చింది కదా, ఒకటి అడుగుతాను. మా సైట్‌లో పాత ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌కు కొత్త జాయింట్ వేశారు. టెండర్ కాగితంలో డీసీ హైపాట్ (ఎక్కువ డీసీ వోల్టేజీ పెట్టి చూసే పరీక్ష) అని ఉంది. జాయింట్ వేసినవాళ్ళు వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

పీడీ_టెస్టింగ్
జాయింట్ వేసినవాళ్ళ మాట. కాగితం, సీసం కవచం ఉన్న పాత కేబుళ్ళకు డీసీ పరీక్ష చక్కగా పనికొచ్చింది, ఆ అలవాటు టెండర్లలో అలాగే మిగిలిపోయింది. ఎక్స్‌ఎల్‌పీఈలో ఏళ్ళ తరబడి నీటి చెట్లు (తేమ వల్ల చెట్టు కొమ్మల్లా పెరిగే సన్నని లోపాలు) మొలిచి ఉంటాయి. డీసీ పెడితే వాటి దగ్గర చార్జీ చిక్కుకుని వెంటనే పోదు. పరీక్ష పాసవుతుంది, ఏసీ సప్లై ఇచ్చాక ఆ చార్జీ, ఏసీ ఫీల్డ్ కలిసి కేబుల్ పేలుతుంది.

వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ పరీక్ష) అడగండి, 0.1 హెర్ట్జ్. 50 హెర్ట్జ్‌లో సైట్ మీద ఎందుకు చేయలేమంటే, కిలోమీటరు కేబుల్ కెపాసిటెన్స్ 0.3 మైక్రోఫారడ్ అనుకుంటే, 19 కేవీ దగ్గర దానికి దాదాపు 34 కేవీఏ కావాలి. అంత పెద్ద పరికరాన్ని రోడ్డు పక్కన దింపాలి. 0.1 హెర్ట్జ్‌లో అందులో 500వ వంతు, 70 వీఏ చాలు.

రిటైర్డ్_ఏఈ
ఏ పరీక్ష చేసినా ఒకటి. అయిపోగానే కేబుల్‌ను ఎర్త్ చేసి, వోల్టేజీ పెట్టినంత సమయానికి కనీసం నాలుగు రెట్లు ఎర్త్ అలాగే ఉంచండి. ఒకసారి తాకించి తీసేస్తే సరిపోదు. ఇన్సులేషన్ లోపల మెల్లగా ఇంకిన చార్జీ, ఎర్త్ తీశాక మళ్ళీ బయటికి వచ్చి టెర్మినల్ మీద వోల్టేజీ లేస్తుంది. కుర్రాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. దయచేసి తొందరపడకండి.

జీడిమెట్ల_మెయింటెనెన్స్
అప్‌డేట్. బ్రీదర్ పై ఫ్లాంజ్ విప్పితే రబ్బరు గ్యాస్కెట్ ఎండి పగిలి ఉంది. కార్క్ గ్యాస్కెట్ వేసి, జెల్ మార్చి, కింది కప్పులో ఆయిల్ గీత వరకు పోశాం. ఇప్పుడు కప్పులో బుడగలు కనపడుతున్నాయి, అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. రెండో శాంపిల్ రిపోర్ట్ వచ్చింది. 52 డిగ్రీల దగ్గర తీశాం. బీడీవీ 34, నీళ్ళు 38 పీపీఎం. డీజీఏ (ఆయిల్‌లో కరిగిన వాయువుల పరీక్ష) కూడా చేయించాం, ఎసిటిలీన్ లేదు.

ఆయిల్_ల్యాబ్
ఎసిటిలీన్ లేదంటే లోపల ఆర్కింగ్ జరగలేదు, పెద్ద ఊరట. 28 నుంచి 34కు వచ్చిందంటే మొదటి శాంపిల్ సీసాలోనే కొంత చెమ్మ ఉండి ఉండొచ్చు. కానీ 38 పీపీఎం నిజం, కాగితం తడిగానే ఉంది. ఇప్పుడు ఫిల్టర్ పట్టించండి, ఒక్క పూట కాదు. వాక్యూమ్ ఉన్న మెషిన్ తెమ్మనండి, ఆయిల్ 60 డిగ్రీలు దాటి వేడిగా, ట్యాంక్‌లోని ఆయిల్ మొత్తం అనేకసార్లు తిరిగేలా రోజుల తరబడి నడపాలి. వేడి ఆయిల్ కాగితం నుంచి తేమను లాగుతుంది, మెషిన్ ఆ తేమను తీసేస్తుంది. "బీడీవీ 60 వచ్చింది, అయిపోయింది" అంటే ఒప్పుకోకండి. పీపీఎం తగ్గి, మెషిన్ ఆపాక వారం రెండు వారాలు లోడ్ మీద నడిపినా తగ్గినట్టే ఉంటే అప్పుడు అయిపోయినట్టు.

జీడిమెట్ల_మెయింటెనెన్స్
అలాగే మేడమ్. మేనేజర్ గారికి మీ మాటలు చూపించాను, ఎక్కువ రోజుల షట్‌డౌన్‌కి ఒప్పుకున్నారు. ఇక నుంచి శాంపిల్ నేనే తీస్తాను. ఎలా తీయాలో ఒక్కసారి చెప్పండి.

ఆయిల్_ల్యాబ్
వాన పడుతున్నప్పుడు, పొగమంచులో తీయకండి. ట్యాంక్ కింది వాల్వ్ నుంచే తీయాలి, బరువుగా నీళ్ళు చేరేది అక్కడే. వాల్వ్ మూతిని నూగు రాలని గుడ్డతో తుడిచి, మొదట వచ్చే ఒకటి రెండు లీటర్లు పక్క బకెట్‌లోకి వదిలేయండి. గాజు సీసాను ఓవెన్‌లో ఆరబెట్టినది ల్యాబ్ నుంచే తీసుకోండి, దాన్ని అదే ఆయిల్‌తో రెండుసార్లు కడిగి, ఆ తర్వాత ఆయిల్‌ను గోడ వెంబడి మెల్లగా, బుడగలు రాకుండా నింపండి. మూత కింద ఆయిల్ వ్యాకోచానికి కొద్దిపాటి ఖాళీ మాత్రమే ఉంచండి. డీజీఏకి సీసా వద్దు, గాజు సిరంజి అడగండి. తేదీ, ఆయిల్ టెంపరేచర్, అప్పటి లోడ్ రాసి, ఎండ తగలకుండా అదే రోజు పంపండి.